పాత జీపును వెదకుట, ఎరుగుట, నడుపుట

మన పల్లెలలో ఒక తరం వారికి ప్రభుత్వం అంటే జీపు. 1952లో సమాజాభివృద్ధి పథకం ఆరంభమై బ్లాకులు ఏర్పడిన తరువాత బి.డి.ఓ. గారు వచ్చినా, టీకాలు వేసే సిబ్బంది వచ్చినా, ఎన్నికలకు మైకు కట్టినా ఊరి పొలిమేరలో దుమ్ము లేపినది ఆ బండియే. నేడు ఆ జీపు కార్యాలయాల ఆవరణల నుండి తొలగిపోయినది. అయినను దానిని వెదకి కొని, బాగుచేయించి, దూరప్రయాణాలు చేసే షౌకు యువకులలో కనబడుతున్నది. మా తరగతులలోని విద్యార్థులు కూడ పలుమార్లు ఈ విషయం అడుగుచున్నందున, పాత జీపు ఎక్కడ పుట్టినది, దానిని ఎట్లు గుర్తించవలెను, కొనే ముందు ఏమి చూడవలెను, ఎట్లు నడుపవలెను అను సంగతులను ఇక్కడ వివరింపదలచినాము.

జీపు యుద్ధం కన్న బిడ్డ. 1940 జూలైలో అమెరికా సైన్యం తేలికైన, నాలుగు చక్రాలకూ శక్తి అందే చిన్న బండి కావలెనని 135 కంపెనీలకు కబురు పెట్టినది. మొదటి నమూనా 49 రోజులలో రావలెనన్నది షరతు. బాంటమ్ అనే చిన్న కంపెనీ కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు సహాయంతో ఆ సెప్టెంబరు 23న నమూనాను అప్పగించినది. కాని పెద్ద సంఖ్యలో తయారుచేసే శక్తి దానికి లేనందున పని విల్లీస్, ఫోర్డు కంపెనీలకు దక్కినది. యుద్ధం ముగిసేలోగా ఆ రెండూ కలిసి సుమారు 6 లక్షల 40 వేల జీపులను తయారుచేసినవి. 1945లో విల్లీస్ వారు అదే బండిని రైతులకు, పౌరులకు పనికివచ్చే విధంగా మార్చి అమ్మసాగినారు.

ఇది మన దేశానికి వచ్చిన దారిలో హైదరాబాదు జాడ కూడ ఉన్నది. 1945లో మహీంద్రా సోదరులతో కలిసి ఉక్కు వ్యాపారం కొరకు మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీని స్థాపించిన గులాం మహమ్మద్ గారు 1940లలో నిజాం ప్రభుత్వంలో ఆర్థిక మంత్రిగా పనిచేసినవారు. దేశవిభజన తరువాత ఆయన పాకిస్తాను వెళ్ళి అక్కడి తొలి ఆర్థిక మంత్రి, పిదప గవర్నర్ జనరల్ అయినారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారినది. ఆ కంపెనీయే విల్లీస్ వారి లైసెన్సుతో విడిభాగాలు తెప్పించి బొంబాయిలోని మజ్‌గావ్‌లో జీపులను కూర్చనారంభించినది. క్రమంగా భాగాలన్నీ ఇక్కడనే తయారైనవి.

మా మోతీనగర్‌కు ఆనుకొని ఉన్న సనత్‌నగర్‌కు కూడ ఈ కథలో చోటు కలదు. 1942లో నిజాం ప్రభుత్వ పారిశ్రామిక నిధి భాగస్వామ్యంతో ఏర్పడిన హైదరాబాదు ఆల్విన్ కర్మాగారం అక్కడనే బస్సు బాడీలను, రిఫ్రిజిరేటర్లను తయారుచేసినది. 1980లలో ఆల్విన్ వారు జపానుకు చెందిన నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో చిన్న లారీల కర్మాగారం పెట్టినారు. తరువాత అది మహీంద్రా చేతికి వచ్చినది. ఆల్విన్ నేడు ఒక కాలనీ పేరుగా మిగిలినది. ఈ కర్మాగారాల చుట్టూ రేకు పని, ఇంజను పని నేర్చిన మిస్త్రీల తరం ఒకటి ఈ బస్తీలలో పెరిగినది. పాత జీపు నేటికీ మన వీథిలో నడుచుచున్నదంటే అటువంటి చేతుల పుణ్యమే.

ఇక గుర్తింపు సంగతి. యుద్ధకాలపు జీపుకు ముందు జాలీలో తొమ్మిది నిలువు చీలికలుండును; దీపాలు జాలీకి లోపలగా అమరి ఉండును. డ్రైవరు సీటు క్రింద పెట్రోలు ట్యాంకు, ఎడమ వైపు స్టీరింగు, ముందుకు మడిచే అద్దం దాని లక్షణాలు. ఫోర్డు వారు తమ భాగాలపై ఎఫ్ అను అక్షరం ముద్రించినారు. పౌరుల జీపుకు ఏడు చీలికలు, జాలీ నుండి బయటకు పొడుచుకొని వచ్చిన పెద్ద దీపాలు ఉండును. 1953లో విల్లీస్ వారు ఎత్తైన ఇంజను పెట్టుటచే బానెట్టు కూడ పైకి లేచినది. మన మిస్త్రీలు "లో బానెట్", "హై బానెట్" అని వేరుచేసేది దీనినే. మన రోడ్లపై మిక్కిలిగా తిరిగినది ఈ హై బానెట్ జీపు. మహీంద్రా వారు దానిని దశాబ్దాల తరబడి తయారుచేసినారు. తరువాతి నమూనాలలో డీజిల్ ఇంజన్లు వచ్చినవి. వాటిలో ఒకటి ట్రాక్టరు ఇంజనుకు బంధువు, మరొకటి ఫ్రాన్సుకు చెందిన పెజో లైసెన్సుతో చేసినది.

ఇట్టి బండి ఎక్కడ దొరకును? ఒకప్పుడు సైన్యం, ప్రభుత్వ శాఖలు వాడిన జీపులను వేలంలో అమ్మేవి. చాల జీపులు జనం చేతికి ఆ దారిననే వచ్చినవి. 2023 ఏప్రిల్ 1 నుండి పదిహేనేండ్లు దాటిన ప్రభుత్వ వాహనాల నమోదు చెల్లదని, వాటిని తుక్కు చేయవలెనని కేంద్ర నియమం వచ్చినది. కావున శాఖల నుండి కొత్తగా పాత జీపులు వచ్చే దారి మూసుకొన్నట్లే. ఇక ఉన్నవి రైతుల కొట్టాలలో, తోటలలో, షెడ్లలో మిగిలినవే. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల విచారించవచ్చును. విడిభాగాలకు సికింద్రాబాదు రాణిగంజ్ దుకాణాలు, పాత పనిముట్లకు ఎర్రగడ్డ ఆదివారం సంత పనికివచ్చును. ఉత్తరాదిన మండీ డబ్‌వాలీ కొత్త రేకుతో జీపులు కట్టుటకు ప్రసిద్ధి. అక్కడి బండి అందంగా ఉండవచ్చును గాని దాని వయసు వేరు, కాగితం వయసు వేరు కావచ్చును.

సినిమా వారి నగరంలో నివసించే మనకు ఈ హెచ్చరిక మరింత అవసరం. జూబిలీహిల్స్, ఫిలిమ్‌నగర్ స్టూడియోలలో ఒక జీపు నేడు పోలీసుది, రేపు అటవీ శాఖది, మరునాడు సైన్యానిది కాగలదు. తెరపై అది కళ. బేరంలో అది మోసానికి ముసుగు కారాదు. పైగా కేంద్ర మోటారు వాహనాల నియమం 121 ప్రకారం ఆలివ్ ఆకుపచ్చ రంగు రక్షణ శాఖ వాహనాలకే చెందినది. ఆ రంగు చూసి మురిసి కొన్నవాడు ముందుగా రంగు మార్పించుకొనవలెను.

కాబట్టి మొదట చదువవలసినది ఆర్.సి. పుస్తకం. చాసిస్‌పై చెక్కిన నంబరు, ఇంజనుపై ఉన్న నంబరు, పుస్తకంలోని నంబర్లు ఒక్కటేనా? పెట్రోలు జీపులో డీజిల్ ఇంజను వేసియుంటే ఆ మార్పు పుస్తకంలోకి ఎక్కినదా? 1988 మోటారు వాహనాల చట్టం 52వ విభాగం తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ దీనిని గట్టిగా చెప్పినది. నంబరు దగ్గర గీకిన జాడ గాని, అతుకు గాని కనబడితే ఎంత చవకైనా వదలివేయుటయే మేలు.

2021లో వింటేజి వాహనాలకు ప్రత్యేక నియమాలు వచ్చినవి. మొదటి నమోదు నుండి 50 ఏండ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి అవి వర్తించును. కొత్త నమోదుకు రుసుము 20 వేల రూపాయలు. అది పదేండ్లు చెల్లును. తిరిగి చేయించుటకు 5 వేలు. కొత్తగా నమోదైన వాటి నంబరులో వి.ఎ. అను అక్షరాలుండును. ఆ విధంగా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు నడుపవచ్చును గాని నిత్యవ్యవహారానికి, వ్యాపారానికి నడుపరాదు. దీనిని బట్టి దూరయాత్రలు కోరేవారికి సాధారణ నమోదు చెల్లుబాటులో ఉన్న జీపే తగినదని గ్రహింపవచ్చును.

కాగితం తరువాత ఇనుము. ఈ విషయంలో మన దేశ చరిత్రలోనే ఒక పాఠం కలదు. 1948లో లండన్‌లోని మన హైకమిషన్ సైన్యం కొరకు బాగుచేసిన పాత జీపులకు ఒప్పందం చేసికొన్నది. తగిన పరీక్ష లేకుండానే డబ్బులో అధిక భాగం చెల్లించబడినది. వచ్చినవి 155 జీపులు; సైన్యం వాటిని పనికిరావని త్రోసిపుచ్చినది. పార్లమెంటులో ఏండ్ల తరబడి గొడవ జరిగి, 1955లో ప్రభుత్వం ఆ వ్యవహారాన్ని ముగించినది. రాజ్యానికే ఆ గతి పట్టగా సామాన్యుని మాట చెప్పవలెనా? కావున అయస్కాంతం ఒకటి జేబులో వేసికొని పోవలెను. రేకుపై అది అంటుకొనని చోట పుట్టీ దట్టించినారని అర్థం. చాసిస్ కమ్మీలను క్రింద పడుకొని చూడవలెను. పైరంగు మెరుపు కన్న అక్కడి తుప్పు నిజం చెప్పును. కమాను పట్టీలలో విరుగుడు, స్టీరింగులో వదులు, ముందు ఇరుసులో ఆయిలు కారుడు పరిశీలింపవలెను. చల్లని ఇంజనును మన ఎదుటనే స్టార్టు చేయించవలెను. ముందే వేడిచేసి ఉంచిన ఇంజను తన లోపాలను దాచగలదు.

కొన్న తరువాత నడిపే విద్య వేరే నేర్వవలెను. పాత మూడు గేర్ల జీపులో మొదటి గేరు బండి ఆగినప్పుడే పడును. లేదా క్లచ్చును రెండుమార్లు తొక్కే ఒడుపు ఉండవలెను. ముందు ఇరుసును కలిపే మీట బురదకు, ఇసుకకు, జారుడు నేలకు మాత్రమే. ముందు, వెనుక ఇరుసుల మధ్య వేగభేదాన్ని సర్దే ఏర్పాటు ఇందులో లేదు. కనుక ఎండిన తారు రోడ్డుపై ఆ మీట వేసి మలుపు తిరిగితే ఇరుసులు, గేర్లు బిగుసుకొని దెబ్బతినును. చక్రాల మధ్య దూరం 80 అంగుళాలే. వేగంతో మలుపు తీసికొనుట ప్రమాదం. నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. ముందు బండికి చాల దూరం ఇవ్వవలెను. నేటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలియుచున్నందున పాత రబ్బరు గొట్టాలను, వాషర్లను మార్పించుకొనుట మంచిది.

గంటకు యాభై కిలోమీటర్లతో పోతే జీపు ప్రయాణం ఆనందం. చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల నీడలో వికారాబాదు చేరి, మూసీ నది పుట్టిన అనంతగిరి కొండలు చూసి సాయంత్రానికి తిరిగి రావచ్చును. బొంబాయి రోడ్డున జహీరాబాదు మీదుగా బీదరు కోటకు పోవచ్చును. తలుపులు లేని బండిలో చెరువు గాలి, కోసిన వరి వాసన, దారిన పోయే రైతు పలకరింపు అన్నీ మనిషికి నేరుగా అందును. బండి ఆగినచో నలుగురు వచ్చి చేయి వేయుదురు. వారిలో ఒకరైనా ఒకనాడు జీపు నడిపినవారై ఉందురు.

అయితే మేము చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇది. జీపులు తగ్గుచున్నవి, వాటి కన్న వేగంగా వాటిని ఎరిగిన ఉస్తాదులు తగ్గుచున్నారు. చెవి ఆన్చి ఇంజను జబ్బు చెప్పగలిగిన వృద్ధుని షెడ్డులో నేడు నేర్చుకొనే పిల్లవాడు అరుదు. ఆయన భాషలో భాగాల పేర్లు ఇంగ్లీషువి, సలహా ఉర్దూలో, బేరం తెలుగులో. ఆ విద్య ఏ పుస్తకంలోను లేదు, ఆయనతోనే పోవును. ఉర్దూ, తెలుగు రెండు భాషలు చదివే మన విద్యార్థుల కన్న దానిని వ్రాసిపెట్టుటకు తగినవారెవరు? వేసవి సెలవులలో ఒక్కొక్కరు ఒక్కొక్క ఉస్తాదు వద్ద పది రోజులు కూర్చుండి, ఒక్కొక్క మరమ్మతును రెండు భాషలలో నోటుపుస్తకానికి ఎక్కించినచో మన గ్రంథాలయంలో ఒక అల్మారా నిండును. నోటుపుస్తకాల ఖర్చు స్వల్పం. కళాశాల కమిటీ పెద్దలు రానున్న వేసవికే దీనికి అనుమతి ఇప్పించవలెనని మా మనవి.