బుడాపెస్ట్ దగ్గర, గౌహతి దూరం!

ముంబైలో హిందీ చిత్రం తీసే నిర్మాతకు పెద్ద వాద్యబృందం కావలసి వస్తే బుడాపెస్ట్‌కో, ప్రాగ్‌కో, ఉత్తర మాసిడోనియాలోని స్కోప్జెకో స్వరలిపి పంపి, అక్కడివారు వాయించిన సంగీతాన్ని ఇక్కడికి తెప్పించుకోవడానికి సంకోచం ఉండదు. ‘హే రామ్’ (2000) చిత్రానికి ఇళయరాజా బుడాపెస్ట్ వాద్యబృందంతోనే రికార్డు చేయించారు. అయితే గౌహతిలోనో, భువనేశ్వర్‌లోనో, మన రాజమహేంద్రవరంలోనో ఇంటి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని పనిచేసే యువ సంగీత దర్శకుడు నమూనా బాణీలు పంపితే మాత్రం ఆ నిర్మాత మొదట అడిగేది బాణీ గురించి కాదు, ముంబైలో మకాం ఎక్కడని!

ఇది కొత్త పరిస్థితి కాదు. సచిన్ దేవ్ బర్మన్ 1944లో కలకత్తా విడిచి బొంబాయి చేరారు. ‘దో బిఘా జమీన్’ (1953) సలిల్ చౌదరికి అదే దారి చూపింది. తెలుగు చిత్రాలకు బాణీలు కట్టినవారంతా దశాబ్దాలపాటు మద్రాసులో కాపురం పెట్టినవారే. చిత్ర నిర్మాణం హైదరాబాద్‌కు తరలిన తరువాత కూడా రికార్డింగు పని చాలాకాలం చెన్నైని వదలలేదు. మ్యూజిక్ సిట్టింగుల కోసం దర్శకులే విమానం ఎక్కేవారు. స్టూడియోలు, వాద్యకారులు, గాయకులు ఎక్కడుంటే సంగీతం అక్కడే తయారయ్యేది. స్థానికులకే ప్రాధాన్యమన్న ధోరణికి మూలం అభిమానం కాదు, ఖర్చుల లెక్క.

ఆ లెక్కను మొదట తారుమారు చేసినవారు ఎ.ఆర్.రహ్మాన్. 1989లో కోడంబాకంలోని ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్న ఆయన ‘రంగీలా’ (1995) తరువాత కూడా ముంబైకి మకాం మార్చలేదు. ‘దిల్ సే’ (1998) పాట కోసం లతా మంగేష్కర్ అంతటివారే చెన్నై వచ్చి పాడి వెళ్లారు. కాగా అప్పటికే ‘రోజా’ (1992) దేశమంతా మోగిపోయిందన్న సంగతి మరువరాదు. ‘కేజీఎఫ్’ చిత్రాల రవి బస్రూర్ కూడా కుందాపుర దగ్గరి సొంత ఊరు బస్రూరులో స్టూడియో నడుపుతున్నారు. గెలిచినవాడి ఊరు ఎవరికీ దూరం కాదు. ఇంకా గెలవనివాడి సంగతే ప్రశ్న.

సాంకేతికంగా చూస్తే అడ్డంకి దాదాపు తొలగిపోయినట్లే. సినిమాకు వాడే ప్రమాణంలో, అంటే సెకనుకు 48 వేల నమూనాలు, ఒక్కొక్కటి 24 బిట్ల చొప్పున, ఒక స్టీరియో ట్రాకు నిమిషానికి సుమారు 17 మెగాబైట్లవుతుంది. రెండున్నర గంటల చిత్రానికి పది ట్రాకులు నిడివి పొడుగునా పంపినా 26 గిగాబైట్లకు మించదు. మంచి ఇంటర్నెట్ ఉన్న పట్టణంలో అది ఒక రాత్రి పని. సాధ్యం కానిది ఒకటే. రెండు ఊళ్లవారు ఏకకాలంలో కలిసి వాయించలేరు. సెకనులో పదో వంతు ఆలస్యమైనా తాళం తప్పుతుంది.

అసలు చిక్కు రీరికార్డింగు దగ్గర మొదలవుతున్నది. విడుదల తేదీ ప్రకటించిన తరువాత కూడా ఎడిటరు కత్తెర ఆగదు. ఒక పోరాట దృశ్యంలో 12 ఫ్రేములు తీసివేస్తే పోయేది అర సెకను మాత్రమే. కాని ఆ తరువాతి దెబ్బలన్నింటికీ డోలు మోత అర సెకను ఆలస్యంగా పడుతుంది. అదే స్టూడియోలో సంగీత దర్శకుడు ఉంటే అప్పటికప్పుడు ఒక చరణం కుదించి ఇచ్చేస్తాడు. గౌహతిలో ఉంటే కొత్త చిత్ర ప్రతి చేరాలి, ఏ ప్రతి చివరిదో తేలాలి, సరిచేసినది వెనక్కి రావాలి, ఈలోగా మిక్సింగ్ థియేటరు అద్దె గంటల లెక్కన పెరుగుతూనే ఉంటుంది. పైగా దర్శకులలో చాలామంది తమకు కావలసినది మాటల్లో చెప్పలేరు. ‘ఇంకొంచెం బరువుగా’ అంటారు. ఆ బరువేమిటో ఎదురుగా హార్మోనియం మీద నాలుగు రకాలుగా వాయించి చూపితే తప్ప తేలదు.

బుడాపెస్ట్ బృందం నుంచి కొనుక్కునేది ముందే నిర్ణయమైన స్వరాలను వాయించే నైపుణ్యం. సంగీత దర్శకుని నుంచి కొనుక్కునేది నిర్ణయాన్నే. డబ్బు పెట్టినవాడు నిర్ణయం తన కళ్లెదుట జరగాలని కోరుకోవడంలో తప్పు పట్టవలసినది లేదు. తప్పల్లా, ఈ తేడా చెప్పకుండా, దూరంగా ఉన్నవాడి ప్రతిభనే శంకించడంలో ఉన్నది.

ఈ శంకకు మూల్యం చెల్లించేది చిన్నవాడే. నేడు చాలా చిత్రాలలో సంగీతం ‘ప్యాకేజీ’ పద్ధతిలో సాగుతున్నది. గాయకులకు, వాద్యకారులకు, స్టూడియోకు అంతా కలిపి ఒకే మొత్తం. అంధేరీలో గది అద్దెతో పోలిస్తే చిన్న పట్టణంలో ఖర్చు తక్కువ కనుక లాభం తనదే అనుకుని ఆ మొత్తానికి అతడు ఒప్పుకుంటాడు. మార్పులకు హద్దు రాసుకోకపోతే ఆ లాభం నాలుగు రాత్రులలో హరించుకుపోతుంది. ఒప్పందంలోనే ఎన్ని మార్పులు ఉచితమో, ఎడిటింగు మారితే ఎంత అదనమో రాయించుకుని, మొదటి సిట్టింగుకు ఒకసారి, ఆఖరి మిక్సింగుకు ఒకసారి రైలెక్కడానికి సిద్ధపడినవారే నిలదొక్కుకోగలరు.

ప్రభుత్వ నిబంధనలు కొంత సడలాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు వేరే రాష్ట్రానికి సేవలు అందించేవారు ఎంత చిన్నవారైనా నమోదు చేసుకోవలసి వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో ఏడాదికి 20 లక్షల రూపాయల లోపు రాబడి ఉన్నవారికి (కొన్ని రాష్ట్రాలలో 10 లక్షలు) మినహాయింపు లభించింది. దేశ సరిహద్దు దాటితే మాత్రం ఇంటర్నెట్ కూడా నిస్సహాయమే. నుస్రత్ ఫతే అలీ ఖాన్ ‘బాండిట్ క్వీన్’ (1994)కు సంగీతం అందించగలిగారు. 2016 సెప్టెంబరులో, ఉరీ దాడి అనంతరం, ముంబై నిర్మాతల సంఘం పాకిస్తాన్ కళాకారులను తీసుకోరాదని తీర్మానించింది.

మరొక నష్టం పైకి కనిపించదు. మిక్సింగు గదిలో లేనివాడి పేరు తెర మీద ‘ప్రోగ్రామరు’గా కుదించుకుపోవడం, ఒక్కొక్కప్పుడు అసలు లేకుండా పోవడం ఈ రంగంలో అందరికీ తెలిసిన ముచ్చటే. ఇది గౌరవానికి మాత్రమే సంబంధించినది కాదు. 2012లో సవరించిన కాపీరైటు చట్టం ప్రకారం, సినిమాహాలులో చిత్రంతోపాటు కాక ఇతరత్రా పాటను వినియోగించినప్పుడు వచ్చే రాయల్టీలో స్వరకర్తకు సమాన వాటా ఉన్నది. ఆ హక్కును నిర్మాతకు వదులుకుంటున్నట్లు రాసి ఇచ్చినా చెల్లదు. అయితే వాటా అందాలంటే స్వరకర్తగా అతని పేరు నమోదు కావాలి. రాయల్టీ వసూలు చేసే సొసైటీ సభ్యుని చిరునామా అడుగుతుంది గాని, అది ముంబై చిరునామాయే కావాలని అడగదు.