కుక్క పిడుదులు, మనిషికి జ్వరం

చేనుకు కాపలా కాసిన కుక్క సాయంత్రం అరుగెక్కి పడుకోగానే, ముసలమ్మ దాని చెవులు తిరగేసి పిడుదులు ఏరి గోళ్లతో నొక్కడం మీరు చూసిందే. కొన్ని చోట్ల వీటినే గోమార్లంటారు. పిల్లలకైతే అదొక ఆట. ఆ పని మానిపించండి. పిడుదు చిట్లితే దాని రసం చేతి గాట్ల గుండానో, కంటి గుండానో లోనికి పోయి మనిషికి జ్వరం తేవచ్చు. ముల్లు తీసే పట్టకారుతో, చర్మానికి ఆనించి పట్టి నిదానంగా లాగాలి. కిరసనాయిలు పొయ్యడం, చుట్టతో కాల్చడం వద్దు.

సరే, కుక్కను శుభ్రం చేశాం, చాలునా? చాలదు. కడుపు నిండిన ఆడపిడుదు కుక్కను వదిలి గోడ పగుళ్లలోకి పాకి, వేలకొద్దీ గుడ్లు పెట్టి చస్తుంది. ఆరు కాళ్లతో పుట్టిన పిల్ల, నెత్తురు తాగి రాలి, పొర విడిచి మళ్లీ ఎక్కుతుంది. పట్నాల్లో కుక్కల శరణాలయాలకు మందు వేసినా పిడుదుల బెడద వదలకపోవడానికి ఇదొక కారణం. కనుక పగుళ్లు పూడ్చండి, కుక్క పడుకునే గోనెపట్టా ఉడకబెట్టండి. శరణాలయం కుక్కను తెచ్చుకుంటే ముందు పశువైద్యునికి చూపండి. ముక్కున నెత్తురు కారినా, చిగుళ్లు పాలిపోయినా అదీ పిడుదు తెచ్చిన జబ్బే కావచ్చు.

కుక్కను తాకినంతమాత్రాన ఈ జ్వరం రాదు. పాపం, దాన్ని తరిమెయ్యకండి. పిడుదు కుట్టిన వారం పదిరోజుల్లో జ్వరం, తలనొప్పి వచ్చి, అరచేతుల్లో, అరికాళ్లలో కూడా ఎర్రని మచ్చలు లేస్తే, డాక్టరుగారికి పిడుదు సంగతి ముందే చెప్పండి. ఆయన అడగకపోవచ్చు. డాక్సీసైక్లిన్ మందు వేళకు పడితే సాధారణంగా రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది.