పాలలాంటి జిగురు అద్దంలా ఎలా మారుతుంది?

శ్రీరాంపూర్ గని కార్మికుల ఇళ్ళలో పాత ఫోటోలు చూసే ఉంటారు. నెత్తిన టోపీ, టోపీకి దీపం, పక్కన తోటి కార్మికులు! అటువంటి ఫోటోను తేమ, దుమ్ము మెల్లగా తినేస్తాయి. దాని నకలు తీసి, ఒక చెక్కపెట్టె మూతపై అంటించి, పైన కాపుదలగా పొర వేసుకోవచ్చు. ఈ పనిని డెకూపాజ్ అంటారు. కత్తిరించడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి ఈ పేరు వచ్చింది. 18వ శతాబ్దంలో ఇటలీలోని వెనిస్‌లో చైనా, జపాన్ లక్క సామానుకు మోజు ఎక్కువ. అంత ఖరీదు పెట్టలేనివారి కోసం, అచ్చు బొమ్మలు కత్తిరించి చెక్కకు అంటించి, వాటిపై పొరమీద పొరగా వార్నిష్ పూసేవారు.

మనకూ ఇటువంటి విద్య ఉంది. శ్రీరాంపూర్, నిర్మల్ రెండూ 2016 వరకు ఆదిలాబాద్ జిల్లాలోవే. నిర్మల్ కళాకారులు పొనికి చెక్క బొమ్మల అతుకులకు చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్ద వాడతారు. చింతగింజ పప్పులో పొడవైన చక్కెర గొలుసులుంటాయి. అవి వేడినీటిలో ఉబ్బి, ఒకదానితో ఒకటి చిక్కుపడతాయి. అదే జిగురు. అయితే బూజుకూ పురుగులకూ కూడా అది ఆహారమే!

ఫెవికాల్ వంటి తెల్లని జిగురు సంగతి వేరు. ఇందులోని పాలీవినైల్ ఎసిటేట్‌ను 1912లో జర్మనీలో ఫ్రిట్జ్ క్లాటె కనుగొన్నాడు. ఇది నీటిలో కరగదు. పాలలో వెన్నలాగా సన్నని రేణువులుగా తేలుతూ ఉంటుంది. వెలుగు ఆ రేణువులకు తగిలి నలుదిక్కులా చెదిరిపోతుంది కనుక జిగురు తెల్లగా కనబడుతుంది. పూసిన తరువాత నీరు కొంత గాలిలోకి, కొంత చెక్కలోకి, కాగితంలోకి పోతుంది. రేణువులు దగ్గరై, నొక్కుకొని, చివరకు ఒకే పొరగా కలిసిపోతాయి. ఇక వెలుగును చెదరగొట్టే అంచులు లేవు. పొర తేటపడుతుంది. కాగితం కింద ఉంటే ఇది జిగురు, పైన ఉంటే కాపుదల పొర. అంతే తేడా!

బొగ్గు ఊరివారు కనుక మీకు మరో మాట. ఈ జిగురుకు మూలపదార్థాన్ని చాలాకాలం ఎసిటలీన్ వాయువుతో చేశారు. ఎసిటలీన్ కార్బైడ్ నుంచి, కార్బైడ్ సున్నం, కోక్ బొగ్గుల నుంచి వస్తాయి. అంటే తెల్లని జిగురుకు నల్లని తాత! (సింగరేణి బొగ్గు కోక్‌కు తగినది కాదు. అది ఎక్కువగా విద్యుత్ కేంద్రాలకే వెళ్తుంది.) ఇప్పుడు చాలా దేశాల్లో పెట్రోలియం, సహజవాయువుల నుంచి చేస్తున్నారు.

ఇక పనిలోకి దిగుదాం. అసలు ఫోటోను ఎన్నడూ అంటించకండి. ఒకసారి అంటుకుంటే చిరగకుండా ఊడిరాదు. జిరాక్స్ నకలు తీయించండి. జిరాక్స్ నలుపు ప్లాస్టిక్‌తో కలిసిన పొడి. అది వేడికి కరిగి కాగితాన్ని పట్టుకుంటుంది కనుక తడికి చెదరదు. ఇంక్‌జెట్ ప్రింట్లలో చాలావాటి సిరా జిగురు తడికే అలుక్కుపోతుంది.

చెక్కను గరుకు కాగితంతో రుద్ది, దుమ్ము బాగా తుడవండి. బొగ్గు నుసి మిగిలితే జిగురు నుసిని పట్టుకుంటుందేగాని చెక్కను పట్టుకోదు. రెండు పాళ్ళ జిగురులో ఒక పాలు నీరు కలిపి పలచగా పూయండి. తడిసిన కాగితం సాగుతుంది, ముడతలు అందుకే. మధ్య నుంచి అంచులకు మెత్తని గుడ్డతో నొక్కుతూ గాలిని వెళ్ళగొట్టండి. ఆరాక పైన పలచని పొర, అదీ ఆరాక మరొకటి. ఎక్కడైనా తెలుపు మిగిలి ఉంటే లోపల నీరు ఉన్నట్టే. తొందరపడి మందంగా పూస్తే పైభాగం ముందు బిగిసి, లోపలి తడి చిక్కుకుపోతుంది.

మరొక చిక్కు ఎండాకాలానిది. ఈ పదార్థం సుమారు 30, 40 డిగ్రీల మధ్య మెత్తబడసాగుతుంది. మన ప్రాంతంలో మే నెలలో 45 డిగ్రీలు దాటడం వింత కాదు. అప్పుడు పెట్టెపై పుస్తకం పెడితే అట్ట దానికే అంటుకోవచ్చు! అందుకే చివర నూనె వార్నిష్ ఒక పూత వెయ్యాలి. ఆ పని పెద్దలను పక్కన ఉంచుకొని, ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయండి. అన్నం తినే పాత్రలకు ఈ పూతలేవీ వద్దు.

ముందుగా ఒక పనికిరాని చెక్కముక్కపై జిగురు పొర వేసి, సగానికే వార్నిష్ పూయండి. రెండూ బాగా ఆరాక, రెండు సగాలపై చెరొక నీటిచుక్క వేసి అరగంట చూడండి. వార్నిష్ లేని సగంలో నీరు పొరలోకి చొరబడి, వెలుగు మళ్ళీ చెదిరి, చుక్క కింద తెల్లని మచ్చ తేలుతుంది.