చైనా లిపి నేటికిని నిలిచియుండుటకు కారణములు

ఒక చైనా దినపత్రికను చదువుటకు సుమారు 3,000 అక్షరములు తెలిసియుండవలెను. ఇంత భారమైన లిపి నేటికిని ఎందుకు నిలిచియున్నది? బైబిలు అనువాదమునకును ప్రసంగమునకును ఈ ప్రశ్నతో సంబంధము గలదు గనుక దీనిని క్లుప్తముగా పరిశీలించుదము.

మొదట ఈ లిపి నిర్మాణమును గమనింతము. చైనా అక్షరములలో ఎక్కువ వాటికి రెండు భాగములుండును. ఒకటి అర్థమును, రెండవది ఉచ్చారణను సూచించును. ఉదాహరణకు, 'మా' అనగా తల్లి. ఈ అక్షరములో ఎడమ ప్రక్క 'స్త్రీ', కుడి ప్రక్క 'గుర్రము' అను గుర్తులున్నవి. స్వరము వేరైనను గుర్రమును కూడ 'మా' అందురు. కాబట్టి ఆ గుర్తు ధ్వని కొరకే వచ్చినది గాని తల్లికిని గుర్రమునకును పోలిక చెప్పుటకు కాదు.

ఈ లిపిని తొలగించవలెనను వాదము పాతదే. కన్ఫ్యూషియసు మత ప్రభావము పోవలెనంటే లిపియే పోవలెనని 1918లో ఛియెన్ షువాన్‌తుంగ్ అను పండితుడు వాదించెను. నిరక్షరాస్యతకు లిపియే కారణమని మరికొందరు తలంచిరి. చైనా ప్రభుత్వము 1956లో అనేక అక్షరములను సులభపరచి, 1958లో 'పిన్‌యిన్' అను రోమను లిపి పద్ధతిని ఆమోదించెను. అయినను పిన్‌యిన్ ఉచ్చారణ నేర్పు సాధనముగా నిలిచెనే గాని పాత లిపి స్థానమును తీసికొనలేదు. పాత రూపములనే వాడుచున్న తైవాను, హాంగ్‌కాంగులలో కూడ అక్షరాస్యత వ్యాపించెను.

దీనికి రెండు ముఖ్య కారణములు కనబడుచున్నవి. మొదటిది, ఒకే ధ్వనిగల మాటలు అనేకము. 'షి' అను శబ్దమునకు, స్వరము కూడ మారకుండ, లోకము, సంగతి, నగరము అను అర్థములు గలవు. వినుటకు ఒకటైనను వ్రాతలో ఇవి వేరు. రెండవది, మాట వేరైనవారిని ఈ లిపి ఒక పుట యొద్దకు చేర్చును. 1919లో వెలువడిన యూనియన్ అనువాదము యోహాను 1:1లో 'వాక్యము' అనుటకు 'మార్గము' అను అర్థము గల అక్షరమును వాడెను. దానిని బీజింగు విశ్వాసి 'దావ్' అనియు, హాంగ్‌కాంగు విశ్వాసి 'దోఉ' అనియు చదువును. అయితే ఆ అనువాద భాష మాండరిన్ గనుక ఇతరులు దానిని నేర్చుకొనవలసియున్నది. అందుచేతనే 19వ శతాబ్దములో అమోయ్, తైవాను ప్రాంతముల మిషనరీలు, బడికి వెళ్లనివారి కొరకు స్థానిక భాషలో రోమను అక్షరములతో లేఖనములను ముద్రించిరి.

యంత్రయుగములో ఈ లిపి నిలువదని అనేకులు భావించిరి. నేడు సెల్‌ఫోనులో రోమను అక్షరములతో ధ్వనిని కొట్టి, తెరపై కనబడు చైనా అక్షరములలో తగినదానిని ఎంచుకొనుచున్నారు. లిపిని తొలగించుననుకొన్న రోమను అక్షరములే దానికి ద్వారమైనవి. నష్టము కూడ లేకపోలేదు. చదువగలిగియు చేతితో వ్రాయుట మరచువారు పెరుగుచున్నారు.

చివరిగా బోధకులకు ఒక హెచ్చరిక. 'ఓడ' అను చైనా అక్షరములో 'పడవ', 'ఎనిమిది', 'నోరు' అను గుర్తులున్నవనియు, అది నోవహు కుటుంబములోని ఎనిమిది మందికి సాక్ష్యమనియు కొన్ని క్రైస్తవ పుస్తకములు చెప్పుచున్నవి. అయితే ఆ అక్షరములో 'పడవ' అర్థమును తెలుపుచుండగా, మిగిలిన భాగము ఉచ్చారణను సూచించునదే. సుమారు క్రీ.శ. 100లో షూ షెన్ కూర్చిన నిఘంటువే ఈ సంగతి తెలుపుచున్నది. తల్లి అక్షరములోని గుర్రము వంటిదే ఇదియు. నోవహు వృత్తాంతమునకు ఆదికాండమే చాలును. ఒక జనము లిపిని ఆ జనము చదువు రీతిగా చదువుట సత్యమును ప్రకటించువారికి తగిన పని.