గుండె ఆపరేషనుకు ముందు సత్తువ పరీక్ష

"ఈ వయస్సులో ఆపరేషనంటే మా నాన్నగారు తట్టుకుంటారా, డాక్టరుగారూ?" అని హృద్రోగ నిపుణుని యెదుట కూర్చున్న బిడ్డలు అడుగు ప్రశ్నకు వైద్యశాస్త్రము చిరకాలము వయస్సు లెక్కతోను, గుండె రక్తమును చిమ్ము శక్తి, మూత్రపిండముల పనితీరు, మధుమేహము మొదలగు అంశముల గణనతోను సమాధానము చెప్పుచు వచ్చినది. ఆ గణన అవసరమే. అయినను తట్టుకొనుట గుండె ఒక్కదాని పని కాదు. రొమ్ముటెముకను నిలువున చీల్చి, గుండెను ఆపి, రక్తమును యంత్రముగుండ ప్రవహింపజేసి, మరల కుట్టి పడకపై చేర్చిన పిమ్మట, ఆ దేహము కొన్నాళ్లపాటు తన కండలనే కరగించుకొని గాయములను మాన్పుకొనవలసి యుండును. పంట పండని యేటికి గాదెలో దాచిన గింజలవలె ఈ బలము లోపల నిలువయున్నవాడు గట్టెక్కును. లేనివాడు దగ్గి కఫమును వెడలించుటకైనను చాలక న్యుమోనియా పాలగును, మతి చెదరి కలవరించును, తుదకు మంచము పట్టును. నిలువ తరిగిపోయిన ఈ దౌర్బల్యమునే వైద్యులు ఫ్రెయిల్టీ అందురు. ఇది వృద్ధులలో తరచు కనబడునేగాని 85 ఏండ్ల రైతులో లేకపోవచ్చును, 65 ఏండ్ల ఉద్యోగిలో ఉండవచ్చును.

2001లో అమెరికాలో లిండా ఫ్రీడ్, ఆమె సహచరులు దీనికి ఐదు లక్షణములను నిర్ణయించిరి: ప్రయత్నింపకయే ఏడాదిలో సుమారు నాలుగున్నర కిలోల బరువు తగ్గుట, ఎడతెగని నీరసము, పిడికిలి పట్టు సడలుట, నడక మందగించుట, పనిపాటలు తగ్గిపోవుట. వీనిలో మూడున్నచో దౌర్బల్యము స్థిరపడినట్లు, ఒకటి రెండున్నచో ఆరంభమైనట్లు. పాశ్చాత్యుల దేహములనుబట్టి ఏర్పడిన పట్టుబలపు హద్దులను సన్నని మన వృద్ధులకు యథాతథముగ వర్తింపజేయరాదని నా అభిప్రాయము; ఆసియా నిపుణులు 2019లో పురుషులకు 28 కిలోలు, స్త్రీలకు 18 కిలోలు అని వేరుగా హద్దులు నిర్ణయించుట ఇందుకు బలమునిచ్చుచున్నది.

ఈ పరీక్షలన్నింటిలో నడక పరీక్ష మిక్కిలి సులభము, మిక్కిలి సత్యము పలుకునది. నేలపై ఐదు మీటర్ల యెడముగ రెండు గీతలు గీయుదురు. "తాతగారూ, తొందరేమీ లేదు, ఇంట్లో ఎట్లా నడుస్తారో అట్లాగే నడవండి" అని చెప్పి, మొదటి గీత దాటి పడిన తొలి అడుగుతో గడియారమును నొక్కి, రెండవ గీత దాటిన తొలి అడుగుతో ఆపుదురు. నడుమ విశ్రాంతినిచ్చి, మూడుమార్లు నడిపించి సగటు తీయుదురు. చేతికఱ్ఱ అలవాటున్నవారిని కఱ్ఱతోనే నడువనిత్తురు. జాలితో ముందుకు వచ్చి ముంజేయి పట్టుకొను మనుమని మాత్రము ఆపవలసి యుండును. మాంట్రియల్ వైద్యుడు జొనాథన్ అఫిలాలో, ఆయన సహచరులు 70 ఏండ్లు నిండిన 131 మంది హృదయ శస్త్రచికిత్సా రోగులను ఈ విధముగ నడిపించి చూచి, ఆరు సెకండ్లు, అంతకు మించి పట్టినవారికి మరణముగాని తీవ్రమైన ఉపద్రవముగాని సంభవించు అవకాశము సుమారు మూడింతలున్నదని 2010లో ప్రకటించిరి. చేతుల ఆసరా లేకుండ కుర్చీనుండి ఐదుమార్లు లేచుటకు పట్టు కాలము, జ్ఞాపకశక్తి, రక్తములోని హిమోగ్లోబిను, ఆల్బుమిను అను నాలుగింటిని కలిపి చూచు పద్ధతి తరువాత వచ్చినది.

అయితే నడక ఏల మందగించినదను విచారణయే ఇందు క్లిష్టమైనది. బృహద్ధమని కవాటము ఇరుకై, నాలుగడుగులకే ఆయాసపడు మనిషి నెమ్మదిగా నడచినచో ఆ దోషము కవాటముది. దానిని మార్చినంతట అతడు మరల కాలూచేయీ ఆడించుకొనగలడు. కండలు క్షీణించి, ఆకలి నశించి, మరపు ముదిరినవానికి కవాటము బాగుపడినను బలము రాదు. ఒకే దేహములో రెండును కలసియుండుటయే తరచు జరుగును గనుక, అంకెను చూచి ఆపరేషను కాదనుట ఎంత తప్పో, అంకెను చూడకయే చేయుట అంత తప్పు. ఫ్రాన్సులోని రువాఁ నగరమున ఆలాఁ క్రిబియే 2002లో, ఛాతీని తెరువకుండ రక్తనాళము ద్వారా కవాటమును తొలిసారిగా అమర్చిన నాటినుండి ఇట్టివారికి మరియొక మార్గము ఏర్పడినది. ఆ మార్గములోను దుర్బలులు ఇతరులకంటె కష్టముగనే కోలుకొందురు.

ఆపరేషను కొన్ని వారములు ఆగగలిగినదైనచో ఆ వ్యవధి అమూల్యమైనది. వైద్యుని కనుసన్నలలో నడక, శ్వాస వ్యాయామము, రక్తహీనతకు చికిత్స, మాంసకృత్తులు గల ఆహారము: వీనితో శస్త్రచికిత్సకు రోగిని సిద్ధపరుపవచ్చును. ఇచ్చట మన యిండ్లలోని ఒక అలవాటును గట్టిగా నిషేధింపవలసియున్నది. గుండెజబ్బనగానే పథ్యమని పప్పు, గ్రుడ్డు, పాలు మాన్పించి, పెద్దవారిని జావతోను చారన్నముతోను సరిపెట్టుట ఉన్న కండను కూడ కరగించుటయే. మూత్రపిండముల స్థితినిబట్టి ఎంత తినవలెనో డాక్టరే చెప్పవలెను. గుండెపోటు ముంచుకొనివచ్చినప్పుడు ఈ సన్నాహమునకు వేళ యుండదు.

ఆసుపత్రికి వెంట వెళ్లువారు గౌరవము కొఱకు "మా నాన్నగారు గట్టి మనిషే" అని చెప్పి ఊరకుండక, గత ఆరునెలలలో ఆయన ఎన్నిమార్లు తూలిపడిరో, చొక్కాలు ఎప్పటినుండి వదులైనవో, స్నానమునకు ఎవరైన తోడు కావలసివచ్చుచున్నదో దాపరికము లేకుండ చెప్పవలెను. ఆపరేషను తరువాత తాను ఏమి చేయగోరునో, ఏ స్థితిని భరింపలేడో చెప్పుమని ఆ పెద్దమనిషినే అడుగుటకు కూడ వైద్యుని గదియే తగిన చోటు.