గద్దలాంటి డ్రోన్, తూనీగలాంటి డ్రోన్

మిరప చేలో కలుపు తీత ఆపి, ఆడవాళ్లు గట్టు మీద అన్నం మూటలు విప్పారు. పక్క చేలో డ్రోన్ మందు కొడుతోంది. ఒకటే రొద.

"మిలిటరీ వాళ్ల డ్రోన్ కూడా ఇట్టాంటిదేనా అత్తా?" అని కోడలు అడిగింది.

"ఏమోనమ్మా, రెండూ ఎగిరేవేగా" అంది అత్త.

రెండూ ఎగిరేవే. కాని పని వేరు, ఒళ్లు వేరు.

సైన్యం వాడే చిన్న డ్రోన్లలో 'స్విచ్' ఒకటి. నవీ ముంబైలోని ఐడియాఫోర్జ్ కంపెనీ దాన్ని తయారుచేసింది. 2021 జనవరిలో మన సైన్యం సుమారు 140 కోట్ల రూపాయలతో వీటిని కొనటానికి ఒప్పందం చేసుకుంది. బరువు ఆరున్నర కిలోలు. అంటే ఐదారు నెలల చంటిబిడ్డంత. రెక్కలు మాత్రం ఈ కొస నుంచి ఆ కొసకు మంచం కంటే పొడుగు. ఇది బాంబులు వేయదు. చూడటమే దీని పని. పగటికి ఒక కెమెరా. చీకట్లో ఒంటి వేడిని బట్టి మనిషిని పట్టే కెమెరా ఇంకొకటి. 15 కిలోమీటర్ల దాకా వెళ్లి, చూసిన బొమ్మను అప్పటికప్పుడు పంపుతుంది. కొండ అవతల ఎవరున్నారో చూడటానికి జవాను ప్రాణాలకు తెగించి ఎక్కనక్కర్లేదు.

స్విచ్ రెండు గంటలు గాలిలో ఉంటుంది. చేలో డ్రోన్ పది పదిహేను నిమిషాలకే దిగుతుంది. ఎందుకని?

గద్దను చూడండి. రెక్కలు చాపి, ఆడించకుండానే తిరుగుతుంది. గాలే దాన్ని మోస్తుంది. స్విచ్ కూడా ఫ్యాన్లతో నిలువునా పైకి లేచి, ఆ తరువాత రెక్కల మీద సాగిపోతుంది. చేలో డ్రోనుకు రెక్కలు లేవు. తూనీగలాగా ఉన్నచోటే నిలవాలి. పది లీటర్ల మందు, బ్యాటరీ, అంతా ఫ్యాన్లే మోయాలి. అందుకే బ్యాటరీ ఇట్టే అయిపోతుంది.

2021లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరపను దెబ్బతీసింది. మందుల వాడకం పెరిగింది. డ్రోన్ వస్తే బిందెలతో నీళ్లు మోసే చాకిరీ తగ్గుతుంది. ఆ కూలీ కూడా తగ్గుతుంది, అది వేరే బాధ. మందు తుంపర గాలివాటున దూరం పోతుంది. గాలి వచ్చే వైపున, దూరంగా కూర్చుని అన్నం తినాలి.

2023 నవంబరులో కేంద్రం 'నమో డ్రోన్ దీదీ' పథకాన్ని ఆమోదించింది. 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని అనుకుంది. ఖర్చులో 80 శాతం, 8 లక్షలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుందని అప్పట్లో చెప్పింది. కాని 2021 నిబంధనల ప్రకారం డ్రోన్ నడిపేవారికి 18 ఏళ్లు నిండాలి. పదో తరగతి పాసై ఉండాలి.

కోడలు తొమ్మిదిలోనే బడి మానేసింది.

"ఓపెన్ స్కూల్లో పది రాయొచ్చంట" అంది అత్త, మూట తీసుకుని గాలి వచ్చే వైపుకు లేచి వెళుతూ.