దగ్గరి దారియా, మేలైన దారియా?

బాపట్లకు సుమారు 9 కిలోమీటర్ల దూరమున, సముద్రపు ఒడ్డున, సూర్యలంక గ్రామమున్నది. అచ్చట సముద్రస్నానము చేసిన ఒక కుటుంబము కారులో విశాఖపట్నమునకు బయలుదేరినదనుకొందము. ఎదురుబండ్లకును మన బండికిని నడుమ గట్టులేని రెండు వరుసల రోడ్లు తప్పించుకొనవలెనని కారు నడుపువాని కోరిక. ఇది వట్టి సుఖాపేక్ష కాదు.

సెకనుకు 15 మీటర్ల వేగమున లారీ పోవుచున్నది. దానిని 20 మీటర్ల వేగముగల కారు దాటవలెను. రెండింటి పొడవులును, ముందు వెనుకల విడువవలసిన ఎడమును కలిపి 50 మీటర్లనుకొనిన, వేగములలోని తేడా 5 మీటర్లే కనుక, దాటుటకు 10 సెకనులు పట్టును. ఆలోగా కారు 200 మీటర్లు పోవును. ఎదురుగా అంతే వేగముతో వచ్చు బస్సును 200 మీటర్లు వచ్చును. అనగా 400 మీటర్ల మేర రోడ్డు ఖాళీగా కనబడవలెను. మలుపో, పొగమంచో అడ్డమైనచో ప్రాణాపాయమే. నాలుగు వరుసల రహదారిలో నడుమ డివైడరుండుటచే ఈ భయము చాలవరకు తొలగును.

ఇక దారుల మాట. 216వ జాతీయ రహదారి కత్తిపూడి వద్ద 16వ రహదారినుండి చీలి, కాకినాడ, మచిలీపట్నము, రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా వచ్చి ఒంగోలులో మరల దానినే కలియును. ఇది చాలభాగము రెండు వరుసలదే. రెండవ దారి బాపట్లనుండి పొన్నూరు మీదుగా గుంటూరు చేరి, అచ్చట వెడల్పైన 16వ రహదారి నెక్కుట. గుండ్రని అంకెలలో, తీరపు దారిలో రెండు వరుసల రోడ్డు 330, వెడల్పు రహదారి 120 కిలోమీటర్లు. గుంటూరు దారిలో అవి వరుసగా 60, 390. రెండు దారుల మొత్తమును 450 కిలోమీటర్లే! దూరమొక్కటే చూచినచో ఏదియు తేలదు.

పోనీ, రెండు వరుసల రోడ్లను పటమునుండి బొత్తిగా కొట్టివేసినచో? అప్పుడు సూర్యలంకనుండి బాపట్లకే దారి యుండదు. కనుక నిషేధము పనికిరాదు; వెల కట్టవలెను. వెడల్పు రహదారిపై కిలోమీటరునకు 1, రెండు వరుసల రోడ్డుపై 2 అని వెల కట్టుదము. తీరపు దారికి 660, 120 కలిసి 780 అగును. గుంటూరు దారికి 120, 390 కలిసి 510 మాత్రమే. మేలైన దారి తేలినది.

దారులు రెండే కనుక లెక్క సులువైనది. కూడళ్లు వందలైనచో? ఇందుకు నెదర్లాండ్స్ దేశీయుడు డైక్‌స్ట్రా 1956లో ఒక పద్ధతి కనిపెట్టి 1959లో ప్రకటించెను. బయలుదేరిన చోటికి 0 వేయవలెను. అక్కడినుండి చేరగల ఊళ్లకు వెలలు వ్రాసి, వానిలో అన్నింటికంటె తక్కువదానిని ఖాయపరచి, దానినుండి ముందుకు సాగవలెను. సూర్యలంక 0, బాపట్ల 20, చీరాల 50, రేపల్లె 100, గుంటూరు 120 అని ఈ వరుసలో ఖాయమగును. వెల ఎన్నడును సున్నకు తగ్గదు కనుక, ఒకసారి ఖాయమైన అంకె చుట్టుదారిచే మరల తగ్గదు. రేపల్లె ముందుగా ఖాయమైనంతమాత్రాన దారి అటు పోవునని కాదు. గమ్యము ఖాయమైనప్పుడు వెనుకకు చూచినగాని దారి తెలియదు.

యంత్రము కూడిక చేయును. వెల నిర్ణయించునది మనుష్యుడే. రాత్రి ప్రయాణమునకు 2 బదులు 3 వేయవచ్చును. ఉపాధ్యాయులు తమ ఊరి పటముపై పది కూడళ్లు గుర్తించి, విద్యార్థులచే ఈ లెక్క చేయించి చూడవచ్చును. దగ్గరి దారి, మేలైన దారి ఎప్పుడు విడిపోవునో వారే కనుగొందురు.